ఎడమవైపు మడ్గార్డు

"దండెం ఎవరు కోశారు?"

తడిబట్టల బకెట్టు నడుముకి ఆనించుకుని పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది మాస్టారమ్మ. పద్దెనిమిదేళ్లుగా ఈ గోడకీ ఆ గోడకీ మధ్య ఉన్న తాడు రెండు ముక్కలై నేలమీద పడి ఉంది. దానికి పెట్టిన క్లిప్పులు మట్టిలో చెల్లాచెదురుగా ఉన్నాయి.

మాస్టారు తల ఎత్తలేదు. కారు బానెట్ మీదికి వంగి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నారు.

"మిమ్మల్నే అడుగుతున్నది."

"నేనే కోశాను. దాని నీడ బండిమీద పడుతోంది."

"విప్పితే వచ్చేదిగా?"

"ముడి బిగుసుకుపోయింది."

"నన్ను పిలిస్తే విప్పేదాన్ని. ఆ ముడి వేసింది నేనే."

"నాలుగింటికి ఫోటోగ్రాఫరు వస్తుంది. ఇప్పుడు నీతో తాడు గురించి వాదించే ఓపిక లేదు నాకు."

మాస్టారమ్మ బకెట్టు కింద పెట్టింది. ఒంగి క్లిప్పులు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. పదకొండు దొరికాయి. పన్నెండోది కారు కింద, చక్రం పక్కన ఉంది. దానికోసం చెయ్యి చాచబోయి, చాచకుండానే లేచింది.

"బండికి తగలదులే, తీసుకో," అన్నారాయన.

"వద్దు. ఉండనివ్వండి."

శుక్రవారం నుంచీ ఆ ఇంట్లో మాటలు ఇలాగే ఉన్నాయి. ఆ రోజు తనిఖీ ఆఫీసులో ఓ కుర్ర అధికారి కారు కిందికి దూరి, స్క్రూడ్రైవరు పెట్టి ఒక్క పోటు పొడిచాడు. పిడి దాకా దిగబడింది. అడుగు రేకంతా లోపల్నుంచి తుప్పు తినేసింది. పైన అద్దంలా మెరుస్తున్న ముప్ఫై ఎనిమిదేళ్ల బండిని రోడ్డెక్కడానికి పనికిరాదని రాసి, రద్దు ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చాడు. రద్దైన బండిని తుక్కు యార్డుకి అప్పగించి తీరాలి. సోమవారం లారీ వస్తుంది.

ఆ కబురు మోసుకొచ్చి కంచం ముందు కూలబడ్డ మొగుడితో మాస్టారమ్మ ఒక్కటే మాట అంది. "పోనివ్వండి. ఇంక వానొస్తే భయపడక్కర్లేదు."

ఆ మాటకి ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు. ఇవాళ ఆదివారం. ఇప్పటిదాకా ఆమె ఎదురుగా కూర్చుని తినలేదు.

*

ఫోటోగ్రాఫరు వ్యాను సరిగ్గా నాలుగింటికి సందు మొదట్లో కనిపించింది. సందు ఇరుకు. మాస్టారు గేటు దగ్గర నిలబడి చేత్తో సైగలు చేయబోయారు. ఆ అవసరం రాలేదు. వ్యాను రివర్సులో వచ్చి, గోడకి జానెడు దూరంలో ఒక్కసారికే నిలబడింది.

"శభాష్! ఒక్క దెబ్బకి పెట్టేశావే!"

"మీ చేతి చలవే మాస్టారూ," అంటూ దిగింది ఫోటోగ్రాఫరు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. జుట్టు పైకి ముడేసుకుంది. మెడలో ఒక కెమెరా, భుజాన ఇంకోటి. కొత్త కార్ల కంపెనీలకీ, పత్రికలకీ ఫోటోలు తీయడం ఆమె వృత్తి. ఆదివారాలు పని చెయ్యదు. మాస్టారు ఫోన్ చేసి పేరు చెప్పగానే ఒప్పుకుంది.

పెరట్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది. కింద ముదురాకుపచ్చ, పైన మీగడ రంగు. దీపాల చుట్టూ నికెల్ పూత.

"అబ్బ! నేను నేర్చుకున్నప్పటికన్నా ఇప్పుడే బాగుంది మాస్టారూ."

"నువ్వు నేర్చుకున్నప్పుడు ఊళ్లోవాళ్లందరి గుద్దులూ తినేదమ్మా పాపం. ఎనిమిదేళ్ల కింద క్లాసులకి చిన్న బండి కొనుక్కున్నాక దీన్ని మొత్తం విప్పాను. పద్నాలుగు నెలలు. ప్రతి రేకూ నా చేత్తో కొట్టి సరిచేసిందే."

మాస్టారమ్మ గుమ్మంలో కనపడింది. ఫోటోగ్రాఫరు నవ్వుతూ ఆమె దగ్గరికి వెళ్లింది.

"నమస్తే ఆంటీ. మా అమ్మకి కూడా మాస్టారే డ్రైవింగు నేర్పారు, తెలుసా? నలభై ఏడేళ్లప్పుడు. మొదటిరోజు లారీ ఎదురొస్తే మా అమ్మ భయపడి ఏడ్చేసిందట. మాస్టారు ఇంజను ఆపేసి, 'ఏడవండమ్మా, తొందరేం లేదు, ఏడవడం అయ్యాకే వెళ్దాం' అన్నారట. ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది."

"అలాగా," అంది మాస్టారమ్మ.

"మరి మీరు? మీకు ఇంట్లోనే మాస్టారు!"

మాస్టారమ్మ జవాబు చెప్పేలోపు ఆయనే అందుకున్నారు. "ఆవిడకెందుకులే. ఎప్పుడూ అవసరం పడలేదు."

"టీ పెడతాను," అని లోపలికి వెళ్లిపోయింది మాస్టారమ్మ.

వంటింట్లో కూతురు గ్లాసులు కడుగుతోంది. కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. తండ్రి అడిగాడని ఇవాళ సెలవు పెట్టింది. కిటికీలోంచి పెరట్లోకి చూసి గొంతు తగ్గించింది.

"అమ్మా, అన్ని లైట్లు ఎందుకు తెచ్చిందావిడ?"

"ఫోటోలకి లైట్లు కావాలిగా."

"పట్టపగలు అన్నెందుకు?"

మాస్టారమ్మ పొయ్యి వెలిగించింది. మంట తగ్గించింది. మళ్లీ పెంచింది.

"కంటికి దొరకదని మేస్త్రీ అన్నాడుగా," అంది కూతురు.

"కంటికి దొరకదన్నాడు. అంతే అన్నాడు."

"నేను బయటికి వెళ్తున్నా. నువ్వు మాత్రం ఏం మాట్లాడకు. ఈ ఒక్క రోజూ ఊరుకో."

"నేను ఊరుకోనిదెప్పుడే?" అంది తల్లి.

*

మొదటి గంటా బాగానే గడిచింది.

ఎండ గోడ దాటి అవతలికి వాలేదాకా ఆగింది ఫోటోగ్రాఫరు. స్టీరింగూ, దాని పక్కనే ఉన్న గేరు రాడ్డూ, నేర్పేవాళ్ల సీటు ముందు అరిగిపోయిన రెండో బ్రేకు పెడలూ తీసింది. ఆ పెడలు మీద కాలు పెట్టి మాస్టారు ఎన్ని వందలమంది ప్రాణాలు కాపాడారో! ఆయన ఒక్కోటీ చూపిస్తూ కథ చెబుతున్నారు. ఈ తలుపు దగ్గరే ఓ పెళ్లికొడుకు వాంతి చేసుకున్నాడు, ఈ అద్దాన్ని తల తిప్పకుండా చూడడం ఓ బ్యాంకు మేనేజరుకి మూడు నెలలదాకా రాలేదు. చెప్పి చెప్పి నవ్వుతున్నారు. రెండు రోజుల తర్వాత నవ్వడం. కూతురు వెలుతురు మళ్లించే తెల్ల అట్ట ఒకటి పట్టుకుని, ఫోటోగ్రాఫరు ఎటు వంచమంటే అటు వంచుతోంది.

"ఇప్పుడు పక్కభాగాలు తీద్దాం," అంది ఫోటోగ్రాఫరు. మనిషి పొడుగున్న దీపాన్ని స్టాండుకి అడ్డంగా బిగించి, కారు ఎడమవైపు పెట్టి వెలిగించింది. రేకు మీద ఆ వెలుతురు తెల్లటి గీతలా పడింది. వెనక తలుపు మీద గీత తిన్నగా ఉంది. ముందు తలుపు మీదా తిన్నగానే ఉంది.

మడ్గార్డు మీదికి వచ్చేసరికి వణికింది.

ఫోటోగ్రాఫరు దీపం కాస్త పైకి జరిపింది. కిందికి జరిపింది. గీత నీళ్లలో పడ్డట్టు అక్కడే వంకర్లు పోతోంది.

"మాస్టారూ, ఈ మడ్గార్డు ఎప్పుడైనా బాగుచేయించారా?"

"నేను చేసిందేగా అంతా."

"అది కాదు. తర్వాత. దెబ్బ తగిలాక."

"దెబ్బా? దీనికా?" మాస్టారు నవ్వారు. "ఈ ఎనిమిదేళ్లలో దీనిమీద ఈగ వాలితే నాకు తెలుస్తుంది."

"ఒక్కసారి ఇక్కడ కూర్చుని చూడండి."

ఆయన మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. కళ్లజోడు సవరించుకుని ఆ గీత వెంట చూపు నడిపించారు. నవ్వు ఆగిపోయింది. అరచేత్తో నెమ్మదిగా తడిమారు. వేలి కణుపుతో తలుపు మీద కొట్టారు. టంగుమంది. మడ్గార్డు మీద కొట్టారు. మట్టిగోడ మీద కొట్టినట్టు చప్పుడు లోపలే ఉండిపోయింది.

"పుట్టీ," అన్నారు.

మళ్లీ కొట్టి చూశారు.

"సొట్ట పూడ్చడానికి నేను దీంట్లో చెంచాడు పుట్టీ వాడలేదు. రేకు రేకులా ఉండాలని పద్నాలుగు నెలలు కొట్టాను. ఇది నా పని కాదు."

ఆయన తల తిప్పి కూతురి వంక చూశారు. తాళం ఆయన దగ్గరొకటి, కూతురి దగ్గరొకటి. మూడోది లేదు.

"నువ్వా?"

"నేనే నాన్నా," అంది కూతురు. అడగ్గానే, ఊపిరి తీసుకోకుండా.

"ఎప్పుడు?"

"నువ్వు ట్రైనింగుకి నాలుగు రోజులు వెళ్లావు చూడు. ఆరున్నరేళ్లయింది. అప్పుడు."

"దేనికి గుద్దావు?"

"స్తంభానికి. ఊరి బయట, రోడ్డు రెండుగా చీలేచోట."

"అక్కడికెందుకెళ్లావు?"

"ఊరికే. సరదాకి."

"ఏ గేర్లో ఉన్నావు?"

కూతురు తడబడింది. "మూడు."

మాస్టారు మళ్లీ మడ్గార్డు వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. పాఠం చెప్పేటప్పటి గొంతు అది.

"మూడో గేర్లో గుద్దితే బండి ముందు దీపం పగలాలి. దీపం పాతదే, నేను బిగించిందే. ఇది మొదటి గేర్లో తగిలిన దెబ్బ. బండి ఆగి, అప్పుడే కదిలింది. ఎడమకి తిప్పారు, తొందరగా తిప్పారు. స్తంభం దగ్గరికొస్తోందని తెలిశాక కూడా బ్రేకు తొక్కలేదు. కాలు ఎక్కడుందో మర్చిపోయినవాళ్లు చేసే పని. నీకు నేర్పింది నేను. నువ్వు ఇలా గుద్దవు."

"నాన్నా, నేనే అంటుంటే..."

"ఎవరికిచ్చావు బండి?"

"దాన్ని వదిలెయ్యండి."

మాస్టారమ్మ టీ గ్లాసుల పళ్లెంతో మెట్ల మీద ఉంది. పళ్లెం పిట్టగోడ మీద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"నేను గుద్దాను," అంది.

*

ఫోటోగ్రాఫరు దీపం ఆర్పబోయింది. "నేను కాసేపు వ్యాను దగ్గర ఉంటాను మాస్టారూ."

"ఉండమ్మా, వెళ్లకు," అంది మాస్టారమ్మ. "ఈయన బయటివాళ్ల ముందు అరవరు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మాస్టారు లేచి నిలబడ్డారు.

"నీకు డ్రైవింగే రాదు."

"వచ్చు. కొద్దిగా."

"ఎవరు నేర్పారు?"

"నేను," అంది కూతురు. "పొద్దున్నే నువ్వు చిన్న బండి తీసుకుని క్లాసులకి వెళ్లాక. మిల్లు వెనక మైదానంలో. రోజుకి అరగంట."

"ఈ బండిలోనా?"

"ఇంకే బండి ఉంది మనకి?"

మాస్టారు భార్యకేసి తిరిగారు. "నన్నడగొచ్చుగా! ఊరందరికీ నేర్పినవాణ్ణి, నీకు నేర్పనా?"

"అడిగాను. మూడుసార్లు. మొదటిసారి పిల్ల చిన్నది, ఇప్పుడెందుకన్నారు. రెండోసారి నవ్వి ఊరుకున్నారు. మూడోసారి ఏమన్నారో గుర్తుందా?"

"లేదు."

"'వంటింట్లో రోజూ గిన్నెలు జారవిడుస్తావు, నీ చేతికి స్టీరింగా' అన్నారు. మీ స్నేహితులు ఇద్దరున్నారు అప్పుడు. వాళ్లూ నవ్వారు. నేను వాళ్లకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను."

"ఏదో సరదాకి అని ఉంటాను."

"అవును. సరదాకే."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"సరే," అన్నారు మాస్టారు. "నేర్చుకున్నావు. తీశావు. గుద్దావు. కొత్తగా నేర్చుకున్నవాళ్లందరూ గుద్దుతారు. నాకు చెబితే సరిపోయేది. చంపేస్తానా? ఆరున్నరేళ్లు తల్లీకూతుళ్లిద్దరూ కలిసి నన్ను వెర్రివెధవని చేసేదాకా ఎందుకు?"

"గుద్దానని చెప్పడానికి భయపడలేదు నేను."

"మరి?"

"అది చెబితే ఎక్కడికి వెళ్తున్నానో కూడా చెప్పాలి."

కూతురి చేతిలో తెల్ల అట్ట కిందికి జారింది. "కూరగాయలకన్నావు కదమ్మా. మార్కెట్టు మూసేశారు, ఊరి బయట సంతకి వెళ్లానన్నావు."

"నీతో అలా అన్నాను."

"మరెక్కడికి?"

"ఎడమవైపు రోడ్డు మీ మావయ్య వాళ్ల ఊరు వెళ్తుంది," అంది మాస్టారమ్మ. "డిక్కీలో పెట్టె ఉంది. నా బట్టలన్నీ సర్దుకున్నాను. వంటింటి బల్లమీద చీటీ రాసి పెట్టాను."

"నేను మేస్త్రీని తీసుకొచ్చేసరికి పెట్టె లేదే!"

"గుద్దాక పెట్టె మోసుకుంటూ నడిచి ఇంటికొచ్చాను. బట్టలు మళ్లీ బీరువాలో సర్దాను. చీటీ పొయ్యిలో పడేశాను. అన్నీ అయ్యాక నీకు ఫోన్ చేశాను."

ఇన్నేళ్లూ తల్లి రహస్యం తన దగ్గరుందనుకుంది కూతురు. ఉన్నది పై పొట్టు మాత్రమే.

మాస్టారు గుడ్డని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "ఏం చేశాను నేను?" అన్నారు. "కొట్టానా? తిట్టానా? తాగొచ్చానా? ఇల్లొదిలి పోయేంత ఏం చేశాను?"

"మీరేం చెయ్యలేదు."

"మరి?"

"దానికి మూడు నెలల ముందు మా అమ్మ పోయింది."

"ఆవిడ పెద్దావిడ. జబ్బు మనిషి. అందులో నా తప్పేముంది?"

"పొద్దున్న ఆరింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. ఊపిరి అందడం లేదు, అక్కని చూడాలంటోంది, వెంటనే రమ్మన్నాడు. చిన్న బండి రిపేరు షెడ్డులో ఉంది. దీన్ని తియ్యమన్నాను. వాన పడుతోందన్నారు."

మాస్టారి చెయ్యి ఆగింది.

"పాలిషు పెట్టి రెండు రోజులే అయిందన్నారు. రోడ్డంతా బురద అన్నారు. బండికి వాన పడదన్నారు."

"అంత ప్రమాదంగా ఉందని నాకు తెలీదు."

"చెప్పాను. ఊపిరి అందడం లేదని అదే మాట చెప్పాను. మీరు లోపలికి వెళ్లి గొడుగు తెచ్చిచ్చారు."

ఆమె గొంతు పెరగలేదు. చాకలి పద్దు చదువుతున్నట్టు చెప్పుకుపోతోంది. అందువల్లే వినడం కష్టంగా ఉంది.

"రెండు బస్సులు మారాను. రెండోది గంటన్నర ఆలస్యం. నేను వెళ్లేసరికి మొహమ్మీద దుప్పటి కప్పేశారు. నలభై నిమిషాలైందన్నారు. కారులో అయితే గంట ప్రయాణం అది."

"నువ్వు ఆ రోజు ఏమీ అనలేదు."

"అనలేదు."

"వచ్చాక కూడా అనలేదు."

"వచ్చేసరికి మీరు బండికి కవరు తొడిగి, కింద చెమ్మ తగలకుండా ఇటుకలు పేరుస్తున్నారు. 'జాగ్రత్తగా వచ్చావా' అన్నారు. వచ్చానన్నాను."

ఫోటోగ్రాఫరు తన కెమెరా పట్టీ వంకే చూస్తోంది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మడ్గార్డు మీద తెల్లగీత అలాగే వంకరగా ఉంది.

మాస్టారు ఆ గీతకేసి చూస్తూ అడిగారు. "మరి తిరిగెందుకొచ్చావు?"

"మీ బండి గుద్దాను కాబట్టి."

"అంటే?"

"సొట్టపడ్డదాన్ని నడిరోడ్డు మీద వదిలేసి పోలేకపోయాను. బాగుచేయించి, పెరట్లో ఉన్నచోట పెట్టి, అప్పుడు బస్సులో వెళ్దామనుకున్నాను. మేస్త్రీ ఒక్క రోజన్నాడు. రంగు ఆరలేదని మూడు రోజులు చేశాడు. నాలుగోరోజు మీరొచ్చేశారు."

"వచ్చేశానని ఆగిపోయావా?"

"మీకు జ్వరం. ట్రైనింగులో నీళ్లు పడలేదన్నారు. గంజి కాచాను. తగ్గాక వెళ్దామనుకున్నాను." ఆమె ఆగింది. "తర్వాత అలా అయిపోయింది."

"ఆ స్తంభం లేకపోతే?"

"వెళ్లిపోయేదాన్ని."

ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో చెప్పినట్టు చెప్పింది. ఆ ఒక్క మాటలో కాస్త కోపమో, కాస్త ఏడుపో ఉంటే ఆయన పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

మాస్టారు కారు చుట్టూ నడిచి ముందుకొచ్చారు. మడ్గార్డుని చూశారు. రోడ్డు చీలేచోటూ, ఆ స్తంభమూ ఆయన కళ్లముందు ఉన్నాయి. ఎంతమందిని తీసుకెళ్లి అక్కడ తిప్పించారో! ఏదో అనాలి. ఏదో ఒకటి ఇప్పుడే అనాలి. ముప్ఫై ఏళ్లు పక్క సీట్లో కూర్చుని భయపడ్డవాళ్లకి ధైర్యం చెప్పిన మనిషికి ఒక్క మాట కూడా తట్టలేదు. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది:

"ఎడమకి తిరిగేముందు కొంచెం ఎడంగా తీసుకోవాలి. స్తంభం నీ భుజం దాటాక... అప్పుడు తిప్పాలి స్టీరింగు."

మాస్టారమ్మ ఆయన్ని చూసింది. కూతురు "నాన్నా!" అంది.

"ఇప్పుడు నేర్పుతున్నారా?" అంది మాస్టారమ్మ.

ఆమె మొహంలో నవ్వు లాంటిదేదో కదిలి పోయింది. వెనక్కి తిరిగి మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది. పళ్లెంలో నాలుగు గ్లాసుల టీ మీదా మీగడ కట్టేసింది.

కూతురు అట్టని కారుకి ఆనించి తల్లి వెనకాలే వెళ్లింది. రెండో మెట్టు మీద ఆగి, తండ్రి వస్తాడేమోనని చూసింది. రాలేదు. వెళ్లిపోయింది.

*

"నేను ఇంకో రోజు వస్తాను మాస్టారూ," అంది ఫోటోగ్రాఫరు.

"ఇంకో రోజెక్కడిదమ్మా? రేపు పదింటికి లారీ."

"అయితే ఇప్పటిదాకా తీసినవి చాలు. బాగా వచ్చాయి. మీరు లోపలికి వెళ్లండి."

మాస్టారు పెరటి గుమ్మం వైపు చూశారు. నాలుగు మెట్లు. తలుపు వేసి లేదు. లోపల బీరువా తెరిచిన చప్పుడు. దానికో కీచుమనే శబ్దం ఉంది. నూనె వెయ్యమని ఆవిడ ఎన్నిసార్లో అడిగింది.

"వెలుతురు ఇంకా ఎంతసేపుంటుంది?"

"ఇరవై నిమిషాలు. ఎక్కువ ఉండదు."

ఆయన ఒక అడుగు మెట్ల వైపు వేశారు. లోపలికి వెళ్లి ఏం చెప్పాలి? గంజి కాచిన చేతిని పట్టుకుని ఏం చెప్పాలి? క్షమించమని అడగాలా? దేనికని మొదలుపెట్టాలి? గొడుగు దగ్గర్నుంచా, మంచినీళ్ల దగ్గర్నుంచా? ఆవిడ మళ్లీ అదే గొంతుతో 'సరే' అంటే? ఆ 'సరే' వినే ధైర్యం తనకి లేదని తెలిసింది. ఎదురుగా లారీ వస్తే తొణకని మనిషికి, సొంత ఇంటి మెట్లు ఎక్కడానికి కాళ్లు రాలేదు.

అడుగు వెనక్కి తీసుకున్నారు.

"ఎడమవైపు ఇంకా తియ్యలేదుగా," అన్నారు.

"మాస్టారూ..."

"తియ్యమ్మా."

"ఆ వంకర కనబడుతుంది. కనబడకుండా దీపం మారుస్తాను."

"వద్దు. కనబడనీ. అక్కడే తియ్యి. అదే తియ్యి."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. వాదించలేదు. స్టాండు కాస్త ముందుకు జరిపి, మడ్గార్డుకి ఎదురుగా మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మాయి లేదుగా. ఆ అట్ట మీరు పట్టుకోవాలి. ఇంకొంచెం పైకి. ఆఁ, అక్కడే. చేతులు దించకండి, దించితే నీడ పడుతుంది."

మాస్టారు రెండు చేతులూ ఎత్తి అట్ట పట్టుకున్నారు. అట్టకి ఇవతల ఆయన, అవతల బండి. తన బండి తనకే కనబడటం లేదు. కెమెరా ఒకసారి క్లిక్కుమంది.

ఇంట్లో మాటలు వినపడుతున్నాయి. ముందు కూతురి గొంతు, బతిమాలుతున్నట్టు. తర్వాత ఏమీ లేదు. తర్వాత వీధివైపు తలుపు గడియ తీసిన చప్పుడు.

ఆయన తల తిప్పబోయారు.

"కదలకండి మాస్టారూ," అంది ఫోటోగ్రాఫరు. ఆవిడ కన్ను కెమెరాలోనే ఉంది. "ఒక్క నిమిషం. వెలుతురు సరిగ్గా దానిమీద ఉంది."

వీధి గేటు తెరుచుకుంది. వీధివైపు మెట్ల మీద చెప్పులు వేగంగా దిగాయి. "అమ్మా! అమ్మా, ఆగు!" అంది కూతురి గొంతు. ఈసారి ఇంట్లోంచి కాదు, సందులోంచి.

మాస్టారి చేతుల్లో అట్ట కొంచెం సందు వైపు ఒరిగింది.

"అలాగే ఉండండి."

ఆయన అలాగే ఉన్నారు.